గొంతెమ్మ గుట్టల్లో మా నాన్న ఇసుక పాఠం

సంక్రాంతి సెలవల్లో ఈసారి చుట్టాల ఇళ్ళు కాకుండా ఎటన్నా పోదాం అని నేను అంటే మా ఇంట్లో ఎవరూ కాదనలేదు, తీరా ఎటు అనేసరికి మాత్రం ఎవరి దారి వాళ్ళదే. మా ఆయన అరకు అన్నాడు, బుడ్డోడు బీచ్ అన్నాడు, మా అమ్మ ఎటూ వద్దు అంది. నేను మాత్రం ఫోన్ లో ఒక ఫోటో చూపించా, మా ఆఫీసులో పనిచేసే వరంగల్ అమ్మాయి స్టేటస్ లో పెట్టింది. అడవి మధ్యలో పెసరట్లు ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టినట్టు రాళ్ళు, మధ్యలో సన్న సందు, పైన ఇంత ఆకాశం. పాండవుల గుట్టలు అంటారట, భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలో.

మా నాన్న ఫోన్ ని చెయ్యంత దూరం పెట్టుకుని చూసి, "రాళ్ళు చూడటానికి అంత దూరం ఎందుకమ్మా, కొండవీడు ఎక్కు, బోలెడు రాళ్ళు" అన్నాడు.

ఆయన అనటంలో తప్పేం లేదు లెండి. నలభై ఏళ్ళు తాపీ మేస్త్రిగా చేశాడు, గుంటూరు బ్రాడీపేటలో లక్ష్మీపురంలో ఆయన చేతి మీద లేచిన ఇళ్ళు చాలానే ఉన్నయి, ఇప్పటికీ బండి మీద పోతా పోతా ఒక మేడ చూపించి ఇది నాదే అంటాడు, ఓనర్ వింటే ఏమనుకుంటాడో. జీవితమంతా రాయీ ఇసుకా సిమెంటూ చూసినోడికి మళ్ళీ టికెట్ కొని రాళ్ళు చూపిస్తానంటే ఎట్టా ఉంటది. మోకాళ్ళు అరిగాక పని మానేశాడు కానీ వీధిలో ఎక్కడన్నా స్లాబ్ పడుతుంటే మాత్రం నిద్ర పట్టదు, పొద్దున్నే పోయి నిలబడతాడు. అందుకని నేను ఇంకో అస్త్రం తీశా. "అక్కడికి దగ్గర్లోనే రామప్ప గుడి ఉంది నాన్నా, గోపురం ఇటుక నీళ్ళల్లో తేలుద్దంట." ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "తేలితే ఇంక అది ఇటుకేంటి" అన్నాడు. అన్నాడంటే వస్తున్నట్టే.

కనుమ నాడు బయల్దేరదాం అంటే అమ్మ ఒప్పుకోలా, కనుమ నాడు కాకైనా కదలదు అని. సరే ముక్కనుమ కూడా పోనిచ్చి ఆ మర్నాడు తెల్లారుజామున గోల్కొండ ఎక్కాం గుంటూరులో. అమ్మ రాలేదు గానీ పులిహోర, అరిసెలు, ఇంకా ఎందుకైనా మంచిదని గోంగూర పచ్చడి సీసా ఇచ్చింది, ఆ సీసా నూనె కారి నా బ్యాగ్ లో ఉన్న చున్నీ ఒకటి పోయింది, అది వేరే కథ. పండగ నుంచి తిరిగెళ్ళే జనంతో ట్రైన్ కిటకిట. కృష్ణా కెనాల్ స్టేషన్ దాటి కృష్ణ బ్రిడ్జి మీదకి రాగానే మా నాన్న అలవాటుగా కిటికీలోంచి కిందకి చూశాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అంతే, అందరూ నదిలోకి రూపాయి బిళ్ళ వేసి దణ్ణం పెట్టుకుంటే ఈయన ఇసుక చూస్తాడు. బ్యారేజీ కింద జనవరికే నీళ్ళు పాయలు పాయలుగా అయిపోయి తిన్నెలు బయటపడి ఉన్నయి. "సన్నది, ప్లాస్టింగ్ కి పనికొస్తది, కాంక్రీట్ కి పనికిరాదు" అని తనలో తనే అనుకున్నాడు. ఎదురు సీటాయన మా నాన్న వైపు ఒకరకంగా చూశాడు.

వరంగల్ లో పదిన్నర దాటింది దిగేసరికి. అక్కడ్నుంచి కారు మాట్లాడుకున్నాం. ములుగు రోడ్డు మీద పోయి గూడెప్పాడు దగ్గర ఎడమకి తిరిగి పరకాల, తర్వాత రేగొండ. దారంతా పత్తి, మిర్చి. మిర్చి చేను కనపడితే గుంటూరోళ్ళం ఊరుకోలేం కదా, మా ఆయన కారు ఆపించి దిగి కాయ తెంపబోతే డ్రైవర్ "అన్నా, గా చేనాయన సూత్తుండు" అన్నాడు, గబగబా ఎక్కేశాం.

గుట్టలు దూరం నుంచి చూస్తే ఏమీ అనిపించదు, నిజం చెప్తున్నా. మామూలు కొండల్లాగే ఉంటయి, పచ్చగా, కాస్త పొట్టిగా. నాకే కొంచెం భయమేసింది వీళ్ళందర్నీ లాక్కొచ్చానే అని. గేటు దగ్గర టికెట్ తీసుకుంటే ఊళ్ళో కుర్రాడు ఒకతను గైడ్ గా వచ్చాడు, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటయి, చేతిలో చిన్న కర్ర. మొదటి మాటే "సెంటు గింటు కొట్టుకున్నారా అక్కా" అని. నేను ఇదేం ప్రశ్న అనుకున్నా. పైన బండల కింద కొండతేనె పట్లు ఉంటయట, సెంటు వాసనకి, పొగకి లేస్తయట. మా ఆయన గప్ చుప్ గా చొక్కా మీద నీళ్ళు చల్లుకున్నాడు.

లోపలికి పోయాక అడవి మొదలు. టేకు, మద్ది, తునికి, అక్కడక్కడా వెదురు. జనవరి కాబట్టి టేకాకులు ఎండి రాలి కింద అప్పడాల్లాగా ఉన్నయి, అడుగేస్తే కరకర. గైడ్ అబ్బాయి ఒక చెట్టు చూపించి ఇది ఇప్ప, ఎండాకాలం మొదట్లో పూలు రాలతయి, తెల్లారకముందే పోయి ఏరుకుంటం అని చెప్పాడు. ఇంకో చెట్టు తునికి, దీని ఆకే బీడీలకి పోయేది. మా నాన్న బీడీ మానేసి పదేళ్ళయింది గానీ ఆ ఆకు తెంపి వేళ్ళ మధ్య పెట్టి చుట్టినట్టు చుట్టి మళ్ళీ పారేశాడు.

ఒక మలుపు తిరిగాం అంతే.

ఎట్టా చెప్పాలో తెలీట్లా. గోడ. చెట్ల మధ్యలోంచి ఒక్కసారిగా మూడు నాలుగు అంతస్తుల ఎత్తు గోడ లేచింది, ఎరుపు కాదు, పసుపు కాదు, రెండూ కలిసిన రంగు, మధ్యమధ్యలో తెల్ల చార, పైనుంచి వానలకి కారిన నల్లటి మరకలు. గోడ నిండా అడ్డగీతలు. ఒక చోట గీతలు తిన్నగా, ఇంకోచోట ఏటవాలుగా, ఆ ఏటవాలు గీతల్ని పైన మళ్ళీ తిన్నటి గీత కోసేసి, దాని మీద ఇంకో వైపుకి ఏటవాలు. కొన్ని చోట్ల రాయి తేనెపట్టులాగా బొక్కలు బొక్కలు. కొన్ని చోట్ల కింద భాగం అరిగిపోయి పైది గొడుగులాగా ముందుకొచ్చి, దాని కింద ఓ పది మంది హాయిగా పడుకోవచ్చు. రెండు గోడల మధ్య సందులు, ఒకదాంట్లో అయితే మా ఆయన పొట్ట లోపలికి పీల్చుకుని పక్కకి తిరిగి నడిచాడు, బుడ్డోడు ఆ వీడియో వాళ్ళ నానమ్మకి పంపేదాకా ఊరుకోలేదు. సందులోకి పోగానే చల్లగా, ఫ్రిజ్ తలుపు తీసినట్టు. మాట్లాడితే మాట గోడలకి కొట్టుకుని కాస్త ఆలస్యంగా తిరిగొస్తది.

"పైలం బాపూ, పైలం" అంటున్నాడు గైడ్ మా నాన్నని. మా నాన్నకి అది అర్థం కాలేదు. నా వైపు చూసి "ఏందంటాడు" అన్నాడు. జాగ్రత్త అంటున్నాడు నాన్నా అని చెప్తే, ఆ మాట ఆయనకి ఎంత నచ్చిందంటే తిరిగొచ్చేదాకా ప్రతి మెట్టు దగ్గరా బుడ్డోడికి పైలం పైలం అని చెప్తానే ఉన్నాడు. ఇంటికొచ్చాక మా అమ్మకి కూడా.

బొమ్మలున్న చోట్లకి ఒక్కోదానికి ఒక్కో పేరు ఉంది. ఎదురు పాండవులు, పంచపాండవుల గుహ, మేకల బండ, ముంగీస బండ, గొంతెమ్మ గుహ. ఎదురు పాండవుల దగ్గర తలెత్తి చూస్తే రాయి మీద ఎర్రటి బొమ్మలు, ముందు ఏమీ కనపడవు, మరకల్లాగా ఉంటయి, గైడ్ కర్రతో దూరం నుంచి చూపించి గిది దుప్పి, గిది అడవిదున్న, గీడ మనిషి అన్నాక ఒక్కొక్కటే కళ్ళకి కడతయి, ఒకసారి కనపడ్డాక ఇంక కనపడకుండా ఉండవు. పులి, చిరుత, విల్లు, బాణం, కత్తి, చదరాలు, గుండ్రాలు, స్వస్తిక్. ఎరుపే కాదు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు కూడా ఉన్నయి. మధ్యశిలాయుగం వాళ్ళ దగ్గర్నుంచి మధ్యయుగాల వాళ్ళ దాకా ఎవరు వస్తే వాళ్ళు ఇక్కడ గీసుకుంటూ పోయారు. అంటే వేల ఏళ్ళ తేడాతో బతికిన వాళ్ళు ఒకే గోడ వాడుకున్నారు. బయటి ప్రపంచానికి ఈ బొమ్మల సంగతి తెలిసింది మాత్రం 1990లోనే. ఊళ్ళోవాళ్ళకి ఎప్పట్నుంచో తెలుసు కదా మరి. గైడ్ అన్నాడు, "మా తాతల తాతల కాడ్నించి ఉన్నయి అక్కా, ఎవరేసిన్రో తెల్వది, పాండవులే అంటరు."

"అంత ఎత్తున ఎట్టా వేశారు తాతయ్యా" అని బుడ్డోడు అడిగితే మా నాన్న క్షణం ఆలోచించకుండా "పరంజా కట్టుంటారు రా, అడవి నిండా వెదురే కదా" అన్నాడు. పుస్తకాలు రాసే వాళ్ళు ఏమంటారో గానీ నాకైతే ఇదే బాగుంది.

గొంతెమ్మ అంటే కుంతి. మనం గొంతెమ్మ కోరికలు గొంతెమ్మ కోరికలు అని పొద్దస్తమానం అంటాం కదా, ఆ గొంతెమ్మే ఈవిడ. ఆవిడ ఇల్లు ఇదే అని చెప్తే బుడ్డోడు "ఆవిడ కోరికలేంటి" అని పట్టుకున్నాడు, నేను చెప్పలేక అడవిలో ఐస్ క్రీమ్ అడగటం లాంటివి అన్నా, ఎందుకంటే అప్పటికి పావుగంట నుంచి వాడు అడుగుతోంది అదే.

ఈ పాండవుల సంగతి మీద నాకు ఒక అనుమానం ఉంది, మీరు నవ్వినా సరే చెప్తా. మధ్యప్రదేశ్ లో భీంబేట్కా ఉంది కదా, 1957లో పురావస్తు పరిశోధకుడు వాకణ్కర్ గారు బొమ్మలు కనిపెట్టింది, 2003లో యునెస్కో లిస్టులోకి ఎక్కింది, ఆ పేరుకి అర్థం భీముడు కూర్చున్న చోటు అంట. అదీ ఇసుకరాయే. అక్కడే సాత్పురా అడవుల్లో పచ్‌మఢీ, అంటే ఐదు గుహలు, అవీ పాండవులవేనట. అదీ ఇసుకరాయే. ఇక్కడ పాండవుల గుట్టలు, ఇదీ ఇసుకరాయే. ఇసుకరాయి ఎక్కడుంటే పాండవులు అక్కడ దిగిపోయారు! ఆలోచిస్తే కారణం కూడా ఉంది, ఈ రాయి గాలికీ నీళ్ళకీ కింద నుంచి అరిగి దానంతటదే వసారా అయిపోతది, అడవిలో ఉండే మనిషికి తలదాచుకోను అంతకంటే మంచి చోటు దొరకదు, అట్టాంటి చోటు చూసిన పల్లెటూరివాళ్ళకి వనవాసం గుర్తురాక ఇంకేం వస్తది. మన బెజవాడ చూడండి, ఇంద్రకీలాద్రికి అర్జునుడు ఒక్కడే వచ్చాడు, అదీ తపస్సుకి, పాశుపతం తీసుకున్నాడు పోయాడు. మిగతా నలుగురు రాలేదు, వాళ్ళమ్మనీ తీసుకురాలేదు. మన కొండలు ఖోండలైట్ రాయి, అందులో గుహలు వాటంతటవి పుట్టవు, అక్కన్న మాదన్న గుహలైనా మొగల్రాజపురం గుహలైనా మనుషులు ఉలి పెట్టి తొలిచినవే. అంటే బెజవాడలో పాండవులకి అద్దె ఇల్లు దొరకలేదన్నమాట.

సరే అసలు విషయానికి వస్తా.

గొంతెమ్మ గుహ నుంచి ఇంకా పైకి దారి ఉంది, మా నాన్న మోకాలు పట్టేసింది, మీరు పోయి రండి నేను ఇక్కడ కూర్చుంటా అన్నాడు. వసారా లాంటి బండ కింద నీడలో కూర్చోబెట్టి నీళ్ళ సీసా ఇచ్చి మేం పైకి పోయాం. పైన నుంచి చూస్తే చుట్టూ అడవి, గాలి, దూరంగా పొలాలు, ఫోటోలు, ఇవన్నీ అందరూ రాసేవే కాబట్టి వదిలేస్తున్నా. అరగంట తర్వాత దిగొచ్చేసరికి నాన్న కూర్చోలేదు. గోడకి ముక్కు ఆనించి నిలబడి ఉన్నాడు. కింద రాయి రాలి పోగుపడ్డ పొడి ఒక పిడికెడు అరచేతిలో ఉంది, దాన్ని పిసికి చెయ్యి తెరిచి, పిసికి చెయ్యి తెరిచి చూస్తున్నాడు. ఇది నేను చిన్నప్పటి నుంచి చూస్తున్న పనే, ట్రాక్టర్ వాడు ఇసుక తోలగానే ఓనర్ కంటే ముందు ఈయన పోయి పిడికెడు తీసి పిసుకుతాడు, అరచేతికి మట్టి అంటితే ఆ లోడు వెనక్కే.

"అమ్మా ఇట్టా రా" అన్నాడు. గొంతులో ఏదో తేడా. నేను కాలు మడత పడిందేమో అనుకుని పరిగెత్తా.

"ఇది ఇసుకేనే."

ఇసుకరాయి నాన్నా, పేరులోనే ఉందిగా అన్నా.

"పేరు కాదు. ఇది ఇసుక. నది ఇసుక. మన ఇసుక. చెయ్యి చూడు, మట్టి లేదు, జల్లెడ పట్టినట్టు ఉంది. ఇప్పుడు ఆ గీతలు చూడు." గోడ మీద ఏటవాలు గీతల మీద వేలు ఆనించకుండా గాల్లోనే గీసి చూపించాడు. "అమరావతి దగ్గర నదిలో ఇసుక తవ్వే రీచ్ లో నువ్వు చిన్నప్పుడు నా వెంట వచ్చావు గుర్తుందా? ప్రొక్లెయిన్ తో కోసిన చోట ఇసుక గోడలాగా నిలబడుద్ది కాసేపు. తడిగా ఉంటది కదా. ఆ గోడలో ఇట్టాగే, అచ్చం ఇట్టాగే ఏటవాలు గీతలుంటయి. వరదొచ్చినప్పుడు నీళ్ళు ఇసుకని నెట్టుకుంటా వచ్చి తిన్నె అవతలి వైపు వాలుగా పోస్తయి, మళ్ళీ వరదొస్తే పైన కోసుకుపోయి కొత్త పొర. అదిగో అక్కడ కోసేసింది చూడు, అది పెద్ద వరద. ఇది చిన్నది. ఈ పొర గరుగ్గా ఉంది, నీళ్ళు జోరుగా వచ్చినయి. పైది సన్నది, దువ్వ, నిదానంగా పారింది. వాలు ఇటుంది, అంటే నీళ్ళు అట్నుంచి ఇటు వచ్చినయి."

నేను నోరు తెరుచుకుని విన్నా. ఎందుకంటే ట్రైన్ టికెట్లు బుక్ చేసుకునే ముందు నేనూ కాస్త చదివా, ఏటవాలు పొరలు ఉంటే పాతకాలపు నీళ్ళు ఏ వైపు పారాయో అందులోంచి లెక్క కడతారని, జియాలజీ వాళ్ళు చేసేది సరిగ్గా ఈ పనేనని. ఆయన పదో తరగతి కూడా చదవలేదు. నలభై ఏళ్ళు రీచ్ ల చుట్టూ తిరిగాడు అంతే.

"మరి గట్టిగా ఎట్టా అయింది" అని బుడ్డోడి ప్రశ్న. అది నాకు తెలుసు కాబట్టి నేను చెప్పా. ఇసుక మీద ఇసుక, దాని మీద ఇంకా ఇసుక, బరువుకి కింద పొరలు నొక్కుకుపోతయి, భూమిలోపల నీళ్ళు ఆ రేణువుల మధ్యన తిరుగుతా తమలో కరిగిన సిలికానో ఇనుమునో అక్కడ వదిలి పెడతయి, అది పట్టేసి బంక లాగా పనిచేస్తది. ఎర్రగా కనపడే చోట ఇనుము, మన ఇంటి గేటు తుప్పు పట్టినట్టే. "అయితే ఇసుక, సిమెంటు, నీళ్ళు, బరువు" అని నాన్న ఒక్కొక్క వేలు మడిచి, "క్యూరింగ్ కొంచెం ఎక్కువ రోజులు పట్టినట్టుంది" అన్నాడు. ఎన్ని రోజులు అని అడిగాడు. హిమాలయాల కంటే పాతవి ఈ గుట్టలు అంటారు నాన్నా, మన దేశం పోయి ఆసియాని గుద్దుకుని హిమాలయాలు లేవటం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్ళు, దానికంటే ముందువి. ఈ పక్కనే భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులు ఉన్నయి చూడు, ఆ బొగ్గయిన అడవి పాతిక కోట్ల ఏళ్ళ పైమాట. జియోలాజికల్ సర్వే వాళ్ళు ఈ గుట్టల్ని జియో హెరిటేజ్ సైట్ గా, అంటే భూమి చరిత్ర చెప్పే చోటుగా గుర్తించారు కూడా.

ఆయన కోట్ల దగ్గర ఆగలేదు, మనం మామూలుగా అక్కడే ఆగి అబ్బో అంటాం కదా. ఆయనకి ఇంకో అనుమానం వచ్చింది. "అయితే ఇంత ఇసుక తెచ్చిన నది ఏమైంది?" గైడ్ అబ్బాయికీ సమాధానం లేదు, నాకూ లేదు. ఆ అబ్బాయి మాత్రం గోడ వంక కొత్తగా చూశాడు, ఇన్నాళ్ళూ బొమ్మలే చూపిస్తున్నాడు కదా పాపం, "బాపూ, ఇంకోసారి చెప్పున్రి, గీ వాలు సంగతి" అని అడిగి మరీ చెప్పించుకున్నాడు. రేపట్నుంచి వచ్చే వాళ్ళందరికీ మా నాన్న మాటలే చెప్తాడేమో.

ఇక్కడో మాట మధ్యలో. బొమ్మలకి జానెడు దూరంలో మేకుతో చెక్కిన పేర్లు, గుండె బొమ్మలు, బాణాలు. ఇసుకరాయి కదా, గట్టి మేకు పెడితే చాలు లోతుగా పడుద్ది, వాన పడితే ఆ గీతలోంచే పెచ్చు ఊడుద్ది. ఒక ప్రేమజంట పేరు కింద తేదీ కూడా వేసుకున్నారు, రుజువు కోసం కాబోలు. ఎవరినీ ఏమీ అనలేక మా నాన్న "గోడకి సున్నం వేసి పోగానే చేత్తో ముద్ర వేసే పిల్లోళ్ళని చూశా గానీ, వీళ్ళకి ఏమొచ్చింది" అన్నాడు. చిప్స్ ప్యాకెట్లు కూడా, మేం ఒక కవరు నిండా ఏరాం, బుడ్డోడే ముందు మొదలుపెట్టాడు, తర్వాత మాకు సిగ్గేసి మేమూ.

పులిహోర ఆ బండ కిందే తిన్నాం అని రాయాలని ఉంది గానీ గైడ్ ఒప్పుకోలేదు, కోతులొస్తయి, గుహల్లో తినొద్దు అని. గేటు బయటికొచ్చాకే తిన్నాం, గైడ్ కి కూడా పెట్టాం, గోంగూర వేసుకుని "మస్తు పులుపుంది అక్కా" అన్నాడు. సాయంత్రానికి హనుమకొండ. హోటల్ గురించి చెప్పుకోవటానికి ఏం లేదు. పక్క సందులో ఒకావిడ గిన్నెలో కాల్చిన సర్వపిండి మాత్రం అద్భుతం, నువ్వులూ పల్లీలూ తగులుతుంటే, మా నాన్న మూడు తిన్నాడు.

మర్నాడు రామప్ప. పాలంపేటలో, ములుగు జిల్లా. శాసనం 1213 నాటిది, కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, పని నలభై ఏళ్ళు సాగిందంటారు. కట్టించిన ఆయన పేరు కాకుండా చెక్కిన శిల్పి పేరు గుడికి నిలిచిపోవటం మా నాన్నకి చెప్పలేనంత ఇష్టమైపోయింది, ఎందుకో నాకు తెలుసు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గోడలు ఇసుకరాయి, అదే ఎర్రటి రంగు, లోపల స్తంభాలూ బయట చూరు కింద నాగిని బొమ్మలూ నల్లరాయి, అద్దంలాగా మొహం కనపడుద్ది. చుట్టాలు కనపడ్డట్టు గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు. "మెత్తటి రాయి గోడకి, గట్టి రాయి బరువు మోసే చోట, తేలికది నెత్తిన" అని మొత్తం గుడిని ఒక్క ముక్కలో తేల్చేశాడు. తేలే ఇటుక గోపురం మీద ఉంది, కింద నుంచి చూడటమే, దాన్ని పట్టుకోనివ్వలేదని కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

అయితే ఆయన్ని నిలబెట్టేసింది పునాది సంగతి. గుడి కింద గుంట తవ్వి ఇసుక నింపి దాని మీద కట్టారని అక్కడి గైడ్ చెప్పాడు, భూమి అదిరినా ఆ ఇసుక సర్దుకుని కుదుపు తనలో తీసుకుంటదని. ఇప్పటికీ లోపల నేల అక్కడక్కడా కుంగి ఎగుడుదిగుడుగా ఉంటది, గుడి మాత్రం నిలబడింది. "మనమూ అంతేగా" అన్నాడు నాన్న, "పునాదిలో ఇసుక పోసి నీళ్ళు పెట్టి కూరతాం. కాకపోతే నాలుగడుగులు, వీళ్ళు గుడంత కూరారు." తర్వాత మెల్లగా, "కింద ఇసుక, పైన ఇసుక" అని మాత్రం అని మెట్ల మీద కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. మేం చెరువు చూసొచ్చేసరికి కూడా అక్కడే ఉన్నాడు.

వచ్చేటప్పుడు ట్రైన్ లో బ్రిడ్జి మీదకి వచ్చేసరికి చీకటి పడిపోయింది, కింద ఏమీ కనపడలా, అయినా కిటికీ దగ్గరే ఉన్నాడు. బుడ్డోడు వాళ్ళ తాతయ్య ఒళ్ళో నిద్ర.

పోయిన ఆదివారం ఎదురింటి వాళ్ళు పైన గది వేసుకుంటున్నారని టిప్పర్ ఇసుక తోలింది. మా బుడ్డోడు పలుగు పట్టుకుని తయారు, కోసి గీతలు చూస్తానని. తాతా మనవడూ ఇద్దరూ కలిసి ఆ పోగుని ఒక పక్క నిలువుగా కోశారు, ఎదురింటాయన వద్దనలేక వరండాలో నిలబడి చూస్తున్నాడు. ఒక్క గీత కూడా లేదు. అంతా కలగలిసిపోయి ఉంది. బుడ్డోడి మొహం మాడిపోయింది.

"టిప్పర్ పోస్తే రావురా" అన్నాడు మా నాన్న చేతులు దులుపుకుంటా, "నది పొయ్యాలి." వచ్చే ఆదివారం సీతానగరం వైపు తిన్నెల మీదకి పోతారంట ఇద్దరూ, పార ఒకటి, రసమట్టం ఒకటి సంచిలో పెట్టుకుని. రసమట్టం ఎందుకు అని అడిగితే వాలు కొలవద్దా అన్నాడు. మా అమ్మ వంటింట్లోంచి "పైలం" అని అరిచింది.